ఎక్కాల్లో నత్తి ఉండదు

ఉప్పుగూడ స్టేషను దాటాక గల్లీ చివర ఒక సర్కారు బడి ఉండేది. అందులో నేను ఆయాగా పనిచేశాను. గంట కొట్టడం, గదులు ఊడవడం, కుండలో నీళ్ళు నింపడం, చిన్నపిల్లలు బట్టలు పాడుచేసుకుంటే కడగడం, విరిగిన సుద్దముక్కలు ఏరి డబ్బాలో దాచడం నా పని. చివరిది ఎవరూ చెప్పిన పని కాదు. పారేయడానికి నాకు చెయ్యి రాదు.

నేను చదివింది మూడో తరగతి దాకా. అందులో నాకు మిగిలింది అక్షరాలూ ఎక్కాలూ. ఇరవయ్యో ఎక్కం దాకా ఈ రోజుకీ తడుముకోకుండా చెప్తాను. నువ్వేం చదువుకున్నావని ఎవరైనా ఎగతాళి చేస్తే ఎక్కాలు చెప్పే నోరు మూయించేదాన్ని. ఆ ఎక్కాలతోనే నా మనవరాలి నోరు కూడా మూయించాను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నా కూతురు పెద్దాసుపత్రిలో వార్డు ఆయా. డ్యూటీలకు వేళాపాళా ఉండదు గనుక దాని బిడ్డ నా దగ్గరే పెరిగింది. నాలుగేళ్ళు నిండేదాకా పిల్ల గలగలా మాట్లాడేది. ఐదో ఏట నత్తి మొదలైంది. మాట మొదట్లోనే పెదవులు బిగుసుకునేవి. మెడ నరం పైకి లేచేది. కళ్ళు గట్టిగా మూసుకుని కాలితో నేలను తన్నేది, తంతే మాట బయటికి దూకుతుందేమో అన్నట్టు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశాం. పక్కింటి ఖాలా దర్గా నుంచి తావీజు తెచ్చి తాయెత్తులా మెడలో కట్టింది. నేను మాత్రం నాకు తెలిసిన మందు వేశాను. "సక్కగ మాట్లాడు, నకరాలు చెయ్యకు" అని వీపు మీద ఒకటి. మాట పూర్తయ్యేదాకా నిలబడే తీరిక నాకు లేదు. అది నోరు తెరవగానే ఏం కావాలో నేనే అనేసి, అది తల ఊపితే ఇచ్చేసేదాన్ని. ఇద్దరికీ సమయం కలిసొస్తుందనుకున్నాను.

దాన్ని మా బడిలోనే వేశాను. పొద్దున హాజరు పిలుస్తారు కదా, దాని పేరు వచ్చినప్పుడు లేచి నిలబడేది. పెదవులు బిగుసుకునేవి. రెండో తరగతి సారు రెండు క్షణాలు చూసి తరవాతి పేరుకు పోయేవాడు. ఎదురుగా నిలబడ్డ పిల్లకు రిజిస్టరులో గైరుహాజరు పడేది. ఒకరోజు ఊడుస్తూ ఆ పేజీ చూశాను. అక్షరాలు వచ్చిన పాపానికి చూశాను. సగం నెల పిల్ల బడికి రానట్టే ఉంది.

"సార్, పిల్ల రోజు వస్తుంది గద," అన్నాను.

"వస్తే నోరు తెర్వాలె గద ఆయమ్మా. నలభై మంది ఉన్నరు. ఒక్క పోరి కోసం గంటసేపు కూసోవాల్నా?"

ఆయన్ను తిట్టుకున్నాను. ఇంట్లో నేను చేసేదీ అదేనని అప్పుడు తోచలేదు.

తొంభైల చివర్లో ఏదో పథకం కింద ఒక మేడం వచ్చింది. కోస్తా వైపు పిల్ల, ముప్ఫై కూడా ఉండవు. భుజాన సంచి, అందులో ఒక అద్దం, చిన్న టేపురికార్డరు, నోటుబుక్కు. మాట సరిగా రాని పిల్లలకు మాట నేర్పడం ఆమె చదువట. వారానికి నాలుగు బళ్ళు తిరిగేది. మాకు మంగళవారం. కిషన్‌బాగ్ బడికి గురువారం. పెద్దసారు ఆమెకు మెట్ల కింద గది చూపించాడు. విరిగిన బెంచీలు, ఓట్ల డబ్బాలు పెట్టే గది అది. నేను ఊడ్చి చాప పరిచాను. పిల్లలు ఆమెను మాటల మేడం అనేవాళ్ళు.

ఆరుగురు పిల్లలను ఇచ్చారు. వాళ్ళలో నా మనవరాలొకటి. ఆ ఆరుగురికీ ఉన్నది నత్తే. నేను గుమ్మం దగ్గర చీపురు పుల్లలు సరిచేసుకుంటూ కూర్చునేదాన్ని. ఏం నేర్పుతుందో చూద్దామని. మొదటి వారం నాకు ఒళ్ళు మండింది. ఆమె ఏమీ నేర్పలేదు. ఒక పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "పొద్దున బడికి వస్తుంటే దారిలో ఏం చూశావు?" అని అడిగింది. పిల్లకు మాట ఆగిపోయింది. మేడం కదల్లేదు. మొహం అలాగే పెట్టుకుని, ముందుకు వంగకుండా, వెనక్కి జరగకుండా ఎదురుచూసింది. బయట ఒక గూడ్సు బండి మొత్తం పోయింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

నేను ఉండబట్టలేక అన్నాను. "మేడం, ఈ పిల్లలు మొదలే మాట్లాడరు. మీరు గూడ గమ్మున కూసుంటే ఇగ గీ గదిల మాట్లాడేదెవరు? గా విరిగిన బెంచీలా?"

ఆమె నవ్వింది. "వాళ్ళ వంతు వాళ్ళకు వదిలేస్తున్నానండీ. ఇన్నాళ్ళూ అందరూ లాక్కున్నారు కదా."

అది నన్నేనని నాకు తెలిసింది. చీపురు తీసుకుని లేచి పోయాను. తరవాతి మంగళవారం మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఆమె పని చేసేది. పైకి కనిపించేది కాదు. ఊపిరి వదులుతూ మాటను మెల్లగా మొదలుపెట్టడం నేర్పేది. అద్దం ముందు పెదవులు బిగపట్టించి, వదిలించి, రెండింటికీ తేడా చూపించేది. బిగుసుకున్నప్పుడు కాలితో తన్నకుండా, వెనక్కి వచ్చి మళ్ళీ మెత్తగా మొదలుపెట్టమనేది. ప్రతి పిల్లా ఒక సంగతి చెప్తున్నప్పుడు ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, మాట ఆగిన చోటల్లా ఒక గీత గీసేది. పిల్లలకు కనపడనిచ్చేది కాదు. నేను గుమ్మం నుంచి చూసేదాన్ని. నా మనవరాలికి మొదటి నెల పేజీ నిండా గీతలే, చినుకులు పడ్డట్టు.

ఒకరోజు ఆ ఆరుగురూ మేడం వచ్చేలోగా చాప మీద కూర్చుని, పక్క తరగతితో కలిసి రెండో ఎక్కం చెప్తున్నారు. నా మనవరాలి గొంతు అందరికంటే పైన ఉంది. ఎక్కడా ఆగలేదు. నాకు కోపం వచ్చింది. మేడం రాగానే చాడీ చెప్పాను.

"చూసిండ్రా మేడం, ఎక్కాలు మంచిగ చెప్తుంది. మాట్లాడుమంటేనే నత్తి. ఇదంత దొంగ నాటకం."

"నాటకం కాదమ్మా. పాటలోనూ ఎక్కాల్లోనూ ఎవరికీ నత్తి ఉండదు. పదిమంది కలిసి చెప్తే అసలే ఉండదు. ముందే తయారై ఉన్నదాన్ని అప్పజెప్పడం వేరు. లోపలి నుంచి ఒక సంగతి తీసి చెప్పడం వేరు. నేను చూసేది రెండోది." ఈ మాట ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆమె నాకూ ఒక పని పెట్టింది. రోజూ ఇంట్లో పది నిమిషాలు పిల్ల ఎదురుగా కూర్చోవాలి. అది చెప్పేది వినాలి. మాట అందించకూడదు. మెల్లగా చెప్పు, జాగ్రత్తగా చెప్పు అనకూడదు.

"చిక్కుడుకాయలు ఒల్చుకుంట వింట," అన్నాను.

"చేతులు ఖాళీగా ఉండాలమ్మా. చేతులు పనిలో ఉంటే మీరు తొందరలో ఉన్నట్టు పాపకు తెలిసిపోతుంది."

ఖాళీ చేతులతో పది నిమిషాలు కూర్చోవడం నా జన్మలో ఎరగను. ఒళ్ళో చేతులు పెట్టుకుంటే ఎవరివో పెట్టుకున్నట్టు ఉండేవి. అయినా కూర్చున్నాను. వారం రోజులు అది ఏమీ చెప్పలేదు. నేను దాని మొహం చూడడం, అది పొయ్యి వైపు చూడడం. ఎనిమిదో రోజు చెప్పింది. రైలు గేటు దగ్గర ఒక ఆటో ఆగిందట. ఆటోకు కొత్తగా పూజ చేసి బంతిపూల దండ వేశారట. ఒక మేక వెనక కాళ్ళ మీద నిలబడి ఆ దండను మొదటి నుంచి చివరిదాకా తినేసిందట. గేటు లేచేసరికి ఆటోకు దారం మిగిలిందట. ఈ సంగతి చెప్పడానికి దానికి పది నిమిషాలు పూర్తిగా పట్టింది. ఎన్నో చోట్ల ఆగింది. నేను అందించలేదు. నాలుక కొస దాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో నాకు తెలుసు. చివరికి అది నవ్వింది. ఆ పిల్ల సొంతంగా ఒక సంగతి చెప్పి, దానికి తనే నవ్వడం నేను చూసింది అప్పుడే.

చలికాలం వచ్చేసరికి నోటుబుక్కులో గీతలు సగమయ్యాయి. తరవాత ఇంకా తగ్గాయి. ఒక సోమవారం హాజరు పిలిచినప్పుడు లేచి, ఊపిరి వదిలి, "ఉన్న సార్" అంది. సారు తరవాతి పేరు పిలవబోయి ఆగాడు. వెనక్కి వచ్చి రిజిస్టరులో దిద్దాడు. నేను కిటికీ దగ్గర కుండ కడుగుతున్నాను. కడిగిన కుండనే మళ్ళీ కడిగాను.

"ఇంకో ఏడాది కావాలమ్మా," అంది మేడం. "ఇప్పుడు వదిలేస్తే వెనక్కి పోతుంది. ఒక్కోసారి ముందుకంటే ఎక్కువే పోతుంది."

ఆ వేసవి సెలవులు ఇచ్చే వారమే ఇనిస్పెక్షను వచ్చింది.

సర్కారు బడిలో ఇనిస్పెక్షను అంటే పెళ్ళి చూపుల లాంటిది. ముందు వారం సున్నం. గోడలకు అట్టలు. పక్క బడి నుంచి గ్లోబు తేవడం, ఇంకో బడి నుంచి హుషారైన పిల్లలను తెచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టడం, చదువు రాని వాళ్ళకు ఆ రోజు సెలవు ఇచ్చేయడం. అందరూ చేసేదే. వచ్చే ఆఫీసరుకూ తెలుసు, ఆయనా ఒకప్పుడు పంతులే. రెండు రోజుల ముందు, మంగళవారం మేడం వచ్చి పోయాక, పెద్దసారు నన్ను పిలిచాడు.

"ఆయమ్మా, గురువారం పెద్దాఫీసరు వస్తుండు. మాటల పిల్లలను సుత చూస్తడంట."

"గురువారం మేడం కిషన్‌బాగ్‌ల ఉంటది గద సార్."

"ఆమె లేకుంటెనే మంచిది. ఆమె ఉంటె దారిల ఏం జూసినవ్, ఏం తిన్నవ్ అని అడుగుతది. పిల్లలు నత్తి పట్టుకుంట నిలబడ్తరు. ఇన్ని నెలల సంది గీమె ఏం పీకిందని ఆఫీసరు అంటడు. ఆమె పోస్టు తీసేస్తరు. నీ మనవరాలికే నష్టం. నువ్వు రోజు గాడనే కూసుంటవ్ గద. ఏదన్న మంచిగ చెప్పించు."

ఆయన చెప్పింది నాకు సబబుగానే తోచింది. మేడంకు కబురు పెట్టాలని తోచలేదు. పిల్లలు బాగా చెప్తే ఆమెకు మంచి పేరు వస్తుందనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. దాచను. మూడో తరగతి చదివిన ఆయాను పెద్దసారు పిలిచి పాఠం చెప్పించమన్నాడు. ఆ రెండు రోజులు నేను చీపురు పట్టుకోకుండా మెట్ల కింద గదిలో నిలబడ్డాను. పన్నెండో ఎక్కం దాకా నేర్పాను. చేతులు కట్టుకోవాలి, గోడ వైపు చూడాలి, ఆపకుండా చెప్పాలి. ఎవరైనా మధ్యలో నవ్వితే తొడపాశం. "ఆఫీసర్ల ముందట ఎక్కాలే చెప్పాలె. ఒక్క ముక్క వేరేది మాట్లాడొద్దు," అని చెప్పాను. నా మనవరాలికి రెండుసార్లు చెప్పాను.

ఆఫీసరు వచ్చాడు. ఆరుగురూ వరసగా నిలబడి అందుకున్నారు. రెండొకట్ల రెండు నుంచి మొదలై ఎక్కడా గండి పడకుండా కాలవ పారినట్టు పారింది. పెద్దసారు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఆఫీసరు ఆరో ఎక్కం దగ్గర చాలన్నాడు.

"ఏమయ్యా, వీళ్ళల్ల నత్తి ఉన్నదెవరికి?"

"అందరికి ఉండె సార్. ఇప్పుడు మంచిగయ్యింది."

ఆయన పోబోతూ నా మనవరాలి ముందు ఆగాడు. నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ పేరేంది బిడ్డా?"

పేరే దానికి అన్నింటికంటే కష్టం. అది గోడ మీంచి చూపు దించింది. భుజాలు వదులు చేసింది. ఊపిరి వదలడం నాకు కనిపించింది. మేడం నేర్పినట్టే మొదలుపెట్టబోతోంది. ఎంతసేపు పట్టేదో, వచ్చేదో లేదో నాకు తెలియదు. తెలుసుకోనివ్వలేదు. వెనక నుంచి నేనే పేరు చెప్పేశాను.

ఆఫీసరు నవ్వి, "మంచి పేరు" అని బయటికి నడిచాడు. మనవరాలు నా వైపు తిరిగి చూడలేదు.

పిల్లలందరూ ధారాళంగా మాట్లాడుతున్నారని ఆయన రాశాడు. ఆ కాగితానికి పెద్దసారు అద్దం కట్టించాడు. వేసవి సెలవుల తరవాత మాటల మేడం రాలేదు. మా బడిలో ఆమె అవసరం తీరిపోయింది గనుక మా మంగళవారం ఎత్తేశారని పెద్దసారు చెప్పాడు. సెలవులకు ముందు ఆమె వదిలిపోయిన అద్దం, టేపురికార్డరు మెట్ల కింద గదిలోనే ఉన్నాయి. వాటికోసం ఒకసారి వచ్చింది. నేను సామాను సంచిలో సర్దుతుంటే అడిగింది.

"ఎక్కాలు ఎవరు చెప్పించారమ్మా?"

"నేనే మేడం."

ఆమె పిల్లల ముందు కూర్చున్నట్టే మొహం పెట్టుకుని ఎదురుచూసింది. నాకు వంతు వదిలింది. నేను టేపురికార్డరు తీగ చుడుతూ కూర్చున్నాను. ఆమె తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి ఉండేదాన్ని. ఆ పని నాకు బాగా వచ్చు.

"పేరు కూడా మీరే చెప్పారట," అంది చివరికి. "పాప చెప్పింది ఇందాక." సంచి భుజాన వేసుకుంది. "పది నిమిషాలు మాత్రం మానకండి."

ఆమె పోయాక పెద్దసారు దగ్గరికి పోయాను. పిల్లలకు ఇంకా నత్తి ఉందని పైకి రాయమన్నాను.

"నీకేమన్న పిచ్చా ఆయమ్మా? మంచిగయ్యిందని రాసినంక మళ్ళ ఖరాబయ్యిందని రాస్తె నా మెడకు చుట్టుకుంటది."

అందుకని నేనే ఒకరోజు పని మానుకుని, పిల్లను వెంటబెట్టుకుని ఆ పెద్దాఫీసరు ఆఫీసుకు పోయాను. రెండు బస్సులు మారాలి. ఇన్నేళ్ళూ నత్తి దాచిపెట్టమని కొట్టిన పిల్లను నత్తి చూపించడానికి తీసుకుపోయాను. కిటికీ పక్కన కూర్చున్న క్లర్కు ఫైలు తీసి చూశాడు.

"ధారాళంగ మాట్లాడుతున్నరని ఉన్నది గదమ్మా. ఇంక మేడం ఎందుకు?"

"గదంత అబద్ధం సార్. ఈ పిల్లనే అడుగుండ్రి. మాట ఆగుతది, మీకే తెలుస్తది."

"ఏదీ, మాట్లాడుమను."

"చెప్పు బిడ్డా, సార్‌కు చెప్పు," అన్నాను.

అది నా మొహం చూసింది. చేతులు కట్టుకుంది. క్లర్కు వెనక గోడ మీదికి చూపు పెట్టి మొదలుపెట్టింది. రెండొకట్ల రెండు. రెండు రెండ్ల నాలుగు. రెండు మూడ్ల ఆరు. పక్క టేబులు ఆయన పెన్ను కింద పెట్టి విన్నాడు.

"ఎక్కాలు గాదే, మాట్లాడు," అన్నాను. భుజం పట్టి ఊపాను. అది ఇంకా గట్టిగా మూడో ఎక్కం అందుకుంది.

"శభాష్," అన్నాడు పక్కాయన. "మా పోరనికి గింత గూడ రాదు."

క్లర్కు ఫైలు మూసేశాడు. "మంచిగున్న పిల్లకు నత్తి అంటగట్టకమ్మా."

తిరుగు బస్సు ఎక్కాం. మూసీ దాటినాక అడిగాను. ఎందుకట్ల చేసినవని. ఈసారి నిజంగానే ఎదురుచూశాను. ఎవరెవరో ఎక్కారు, దిగారు. అది కాలితో బస్సు అడుగును తన్నింది, చిన్నప్పటిలా. చివరికి ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఆఫీసర్ల ముందట ఎక్కాలే చెప్పాలంటివి గద అమ్మమ్మా."

తరవాత మేడం చెప్పినట్టే అయింది. ముందుకంటే ఎక్కువే వెనక్కి పోయింది. పై తరగతిలో మళ్ళీ నిలబడి ఉండగానే గైరుహాజరు పడడం మొదలైంది. ఏడో తరగతిలో బడి మానేసింది. నేను అడ్డం పడలేదు. ఏ మొహంతో పడను? పది నిమిషాలు మాత్రం మానలేదు. ఇప్పటికీ సాయంత్రం చేతులు ఖాళీ చేసుకుని దాని ఎదురుగా కూర్చుంటాను. అది తలదువ్వుకుంటుంది, బియ్యం ఏరుతుంది, లేచి లోపలికి పోతుంది. దాని చేతులకే ఇప్పుడు తీరిక లేదు.

చార్మినారు దగ్గర ఒక సేటు గాజుల దుకాణంలో వెనక గదిలో దానికి పని దొరికింది. గాజులు సైజులవారీగా ఏరి, డజన్లు కట్టాలి. మొన్న టిఫిను మరిచిపోతే ఇవ్వడానికి పోయాను. గల్లాపెట్టె దగ్గర ముసలి సేటు కూర్చున్నాడు. వాళ్ళ తాతల కాలం నుంచి అక్కడే దుకాణం.

"నీ మనవరాలు మస్తు మంచిదమ్మా. ఒక్క మాట మాట్లాడది. గిట్లాంటి పిల్లలు ఇప్పుడేడ దొరుకుతరు?"

తెర వెనక గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మధ్య నా మనవరాలి గొంతు వినిపించింది. పన్నెండొకట్ల పన్నెండు. పన్నెండు రెండ్ల ఇరవైనాలుగు. పన్నెండు మూడ్ల ముప్ఫైఆరు. ఎక్కడా ఆగలేదు. గాజులు కొనడానికి వచ్చిన ఒకావిడ తెర వైపు తల తిప్పి విన్నది.

"లెక్క సుత ఎన్నడు తప్పది," అన్నాడు సేటు. "చిన్నప్పుడు ఎవరు నేర్పిండ్రమ్మా?"

"నేనే నేర్పిన," అని టిఫిను బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.